బరువులు ఎత్తడం లేదు

మార్చి 4, మంగళవారం

నడుము మళ్లీ పట్టేసింది. పొద్దున మా ఆవిడను మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చి, వంగి చెప్పులు తొడుగుతుంటే ఎడమవైపు కలుక్కుమంది. కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. "ఏమైంది?" అంది. చెప్పు కింద పడిందన్నాను. చెప్పు నా చేతిలోనే ఉంది.

నేల చల్లదనం వల్ల అయి ఉంటుంది. ఈమధ్య వట్టి కాళ్లతో తిరుగుతున్నాను.

షాపులో పొడుగు సోఫాకు వీపు భాగం కుట్టడం అయింది. లేవబోయి సగంలో ఆగిపోయాను. కార్పెంటర్ చూసి, "ఏంటి బావా, కొశ్చన్ మార్కులా నిలబడ్డావ్? అడిగేదేదో అడుగు," అన్నాడు. నేను సీట్లు కుట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ చట్రాలు చేసేది అతనే. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు మాత్రం బావ. స్టూలు మరీ కిందికి ఉందన్నాను. మధ్యాహ్నం అతనే స్టూలు కాళ్లకు చెక్కలు కొట్టి ఎత్తు చేసిపెట్టాడు.

"ఇంక నొప్పి వస్తే నాకు సంబంధం లేదు. తప్పు నీ నడుముదే," అన్నాడు.

మార్చి 5

నొప్పి ఉంది.

మార్చి 7, శుక్రవారం

స్టూలు వల్ల కాదు. పరుపు వల్ల అయి ఉంటుంది. రాత్రి నా పరుపు తీసేసి చెక్క మీద దుప్పటి వేసుకుని పడుకున్నాను. పొద్దున లేవడానికి పక్కకు దొర్లాల్సి వచ్చింది.

ఆమెను లేపి, ముఖం కడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి షాపుకు వెళ్లాను. మధ్యాహ్నం మామూలుగానే ఇంటికి వచ్చి బాత్‌రూముకు తీసుకెళ్లి, మంచం మీద పడుకోబెట్టాను. సాయంత్రం కుర్చీలోకి. రాత్రి మళ్లీ మంచం మీదికి. రోజంతా ఏ బరువూ ముట్టుకోలేదు. అయినా నొప్పి తగ్గలేదు.

మార్చి 9, ఆదివారం

ఆమె కుర్చీకి కవరు మార్చాను. పాత కవరు విప్పితే లోపల ఫోము కొత్తదానిలాగే ఉంది. కుడివైపు పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు ఆమె ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. ఎక్కడా ఒత్తుకోకూడదని నాలుగు పొరలు వేశాను. అడుగున గట్టిది, పైకి వచ్చేకొద్దీ మెత్తనిది, అన్నిటికన్నా పైన దూది. కింద చెక్కకు బదులు సాగే పట్టీలు. మంచానికీ అలాంటి పరుపే కుట్టాను. నేను చేసిన పనిలో ఈ రెండే మంచివి. షాపులో చేసినవి ఏవీ ఇలా రాలేదు.

కూర్చోబెట్టాక, "ఇందులోకి దిగితే నేనెక్కడున్నానో నాకే తెలీదు," అంది. మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు. సంతోషం వేసింది.

మార్చి 12

నొప్పి కిందికి దిగింది. పిరుదులోంచి తొడ వెనక, పిక్క దాకా తీగ లాగినట్టుగా ఉంది. కాలి బొటనవేలు తిమ్మిరి. బామ్ రాశాను. వేడినీళ్ల సంచీ పెట్టాను. షాపాయన తన పాత బెల్టు ఇచ్చాడు. కట్టుకుంటే నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

మార్చి 13

బెల్టు కట్టుకుని ఆమెను మార్చాను. బెల్టు బకిలు గుచ్చుకుంటోందంది. ఆమెను మార్చేటప్పుడు విప్పేస్తున్నాను.

మార్చి 15, శనివారం

డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కార్పెంటర్ పోరు పడలేక. చిన్నవయసు డాక్టరు, తొందర లేని మనిషి. పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తాడు. సగంలోనే పిక్క లాగింది. అరికాలు మీద దూది రాసి, తెలుస్తోందా అన్నాడు. కుడివైపు తెలిసింది. ఎడమవైపు వేలి దగ్గర, ఎవరో చెబితే విన్నట్టుగా తెలిసింది.

"ఎక్కడైనా పడ్డారా? జ్వరం? ఉన్నట్టుండి చిక్కిపోవడం?"

లేదన్నాను.

"బరువులు ఎత్తుతారా?"

"లేదండీ. తయారైన సోఫాలు దించడానికి వేరే మనుషులున్నారు."

"ఇంట్లో?"

"ఇంట్లో ఏముంటాయండీ ఎత్తడానికి?"

రాసుకున్నాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల ఒకటి కాస్త బయటికి ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చట. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుందట. ఇప్పుడే స్కానింగులు అక్కర్లేదన్నాడు. మంచానికి అతుక్కుపోవద్దు, నొప్పి ఓర్చుకోగలిగినంత నడవండి, ఒకేచోట గంటలు గంటలు కూర్చోవద్దు అన్నాడు. భోజనం తర్వాత వేసుకోవడానికి మాత్రలు ఇచ్చాడు. తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, మూత్రం పట్టు తప్పినా, పాదం ఈడ్చుకుపోతున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మన్నాడు. వ్యాయామాలు నేర్పే ఆవిడకు చీటీ రాశాడు.

బెల్టు గురించి అడిగాను.

"ప్రయాణంలో అయితే సరే. రోజంతా కడితే కండరాలు పని మరిచిపోతాయి," అన్నాడు.

ఇంటికి వచ్చి ఆమెకు చెప్పాను. ఆమె తన కాళ్ల వైపు చూసుకుంది. "కండరాలు కూడా అంతేనా," అంది.

మార్చి 17

వ్యాయామాల ఆవిడ దగ్గరికి వెళ్లలేదు. షాపులో పని ఉంది.

మార్చి 20

మాత్ర వేసుకుంటే ఏమీ తెలియడం లేదు. నొప్పి తెలియదు. ఆకలి తెలియదు. కార్పెంటర్ ఏదో జోకు చెప్పి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. జోకు ఏమిటో ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఇదీ బాగానే ఉంది.

మార్చి 23, ఆదివారం

అమ్మాయి వచ్చింది. నేను వాళ్లమ్మను కుర్చీలోకి మారుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది. అయ్యాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నాన్నా, నీ మొహం అద్దంలో చూసుకున్నావా? సున్నం కొట్టినట్టుంది."

"స్టూలు మార్చాను. పడటం లేదు."

"స్టూలేంటి నాన్నా! అమ్మ!"

"అమ్మేం బరువు? పిట్టంత మనిషి."

లోపలి నుంచి ఆమె, "పిట్టని కాదు, బాగానే తింటున్నా. చెప్పవే ఆయనకి," అంది. పక్షవాతం తర్వాత ఆమెకు మాట కన్నా ముందు వెటకారం తిరిగొచ్చింది.

అమ్మాయి గొంతు తగ్గించింది. వాళ్ల ఆఫీసుకు వెళ్లే దారిలో, మంచాన పడినవాళ్లను చూసుకునే చోటు ఒకటి ఉందట. ఎత్తి దించడానికి యంత్రం ఉందట. ఆడ నర్సులు ఉంటారట. ఏప్రిల్‌లో ఒక మంచం ఖాళీ అవుతుందట.

"నీ నడుము బాగుంటే నేనేం మాట్లాడను. బాగోలేకపోతే మాత్రం అమ్మను అక్కడ చేర్పిద్దాం. నువ్వు కూడా పడిపోతే నేనెంతమందిని చూసుకోవాలి చెప్పు?"

కళ్లనీళ్లు పెట్టుకుంది. దాని తప్పేమీ లేదు.

నా నడుము బాగానే ఉందన్నాను.

మార్చి 24

నడుము బాగానే ఉంది.

మార్చి 25

బాగానే ఉంది.

మార్చి 27, గురువారం

బాగానే ఉంది. మధ్యాహ్నం షాపులో సుత్తి జారి ఎడమకాలి బొటనవేలి మీద పడింది. నాకు తెలియలేదు. కార్పెంటర్ "బావా, రక్తం" అంటే అప్పుడు చూసుకున్నాను. గోరు సగం లేచిపోయింది. "మనిషివా, చెక్కవా?" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అనలేదు.

మార్చి 29, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున ఎప్పటిలాగే ఆమె ఎడమ చెయ్యి నా మెడ చుట్టూ వేయించుకుని, రెండు చేతులూ ఆమె వీపు వెనక ముడేసి, ఒక్క ఊపున పైకి లేపాను. పరుపులోంచి రావడమే కష్టం, వచ్చాక తేలికే. కుర్చీ వైపు సగం తిరిగాను. అక్కడ నా కాళ్లు లేకుండా పోయాయి. నొప్పి కూడా కాదు, ఎవరో స్విచ్ ఆర్పినట్టు. ఆమెను మంచం వైపు తోద్దామనుకున్నాను. చేతులు వినలేదు. ఇద్దరం కలిసి నేల మీదికి జారాం. ఆమె నా మీద పడింది. ఆమెకు దెబ్బ తగల్లేదు.

అప్పుడు వచ్చింది నొప్పి. మెల్లగా ఆమెను పక్కకు దించగలిగాను. అంతే. ఇద్దరం వెల్లకిలా, పక్కపక్కన.

"లేవగలరా?" అంది.

"లేస్తా. ఒక్క నిమిషం."

ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్క మీద దుమ్ము పేరుకుంది. నేల మీద పడుకుని ఎప్పుడూ చూడలేదు.

"అయిందా నిమిషం?"

"ఇంకా లేదు."

"నాకేం తొందర లేదులెండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఖాళీయే."

ఆమె తల తిప్పి కుర్చీ అడుగు చూసింది. "కింద కూడా ఎంత బాగా కుట్టారో," అంది. "ఎవరూ చూడని చోట కూడా."

కాసేపు అయ్యాక, "నన్ను పంపించేస్తారా?" అంది. అమ్మాయి మాటలు వినబడ్డాయన్నమాట.

"ముందు లేవనీ," అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎండ కిటికీ దగ్గర నుంచి మంచం కాలి దాకా వచ్చింది. షాపుకు రాలేదని కార్పెంటర్ వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు బాదాడు. పలికాను. కిందింటావిడ దగ్గర మా ఇంటి తాళం చెవి ఒకటి ఉంటుంది. తీసుకుని ఇద్దరూ లోపలికి వచ్చారు.

"ఏంటి, ఆలూమగలిద్దరూ కలిసి ఎవరి మీద అలిగారు?" అన్నాడు కార్పెంటర్. అంటూనే కండువాతో మొహం తుడుచుకున్నాడు. అతని మొహం మీద చెమట లేదు.

ఆమె, "మీ బావే పిలిచారన్నయ్యా, కింద చల్లగా ఉంది రమ్మని," అంది.

వాళ్లు ముందు ఆమెను లేపారు. తర్వాత నన్ను.

మార్చి 30, ఆదివారం

అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఏప్రిల్ 12న మంచం ఖాళీ అవుతుంది. ఆ రోజు వాళ్ల బండి వస్తుంది. వాళ్లమ్మతో చెప్పింది. సరే అంది.

నన్నూ అడిగింది. సరే అన్నాను.

మార్చి 31

అమ్మాయీ కిందింటావిడా కలిసి ఆమెను మారుస్తున్నారు. నేను అవతలి గదిలో ఉంటున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

డాక్టర్ మళ్లీ చూశాడు. కాలి బొటనవేలు పైకి లేపమన్నాడు, లేపాను. మడమల మీద నడవమన్నాడు, నడిచాను. బలం పోలేదు, స్పర్శే మందగించింది, నయం అన్నాడు. అమ్మాయి దగ్గరుండి నన్ను వ్యాయామాల ఆవిడ గదికి తీసుకెళ్లి, తను బయట కూర్చుంది.

ఆవిడ పొట్టిగా, బలంగా ఉంటుంది. చొక్కా విప్పించి వెనక నిలబడింది.

"బరువులు ఎత్తనని రాసుందే ఇక్కడ?"

"ఎత్తనండీ."

"మరి మెడ మీద ఈ గోళ్ల గాట్లు పిల్లివా?"

నాకు తెలియదు, మెడ వెనక ఎలా ఉందో. చెయ్యి పెట్టి చూసుకున్నాను. గరుకుగా తగిలింది.

"మా ఆవిడవి," అన్నాను.

ఆవిడ నవ్వబోయి ఆగింది. అప్పుడు మా ఆవిడను లేపి దించే సంగతి చెప్పాను. ఎక్కువ లేదు చెప్పడానికి. రోజుకు ఎన్నిసార్లో అడిగింది. లెక్కపెట్టలేదన్నాను.

"అది బరువు కాదా మరి?"

"మనిషండీ ఆమె," అన్నాను.

ఆవిడ కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసింది. "మిమ్మల్ని బాగుచేయాలంటే ముందు ఆవిడను చూడాలి. శనివారం మీ ఇంటికొస్తా," అంది.

ఏప్రిల్ 4

నేల మీద చాప వేసుకుని వ్యాయామం చేశాను. మోకాళ్లు మడిచి, నడుమును నేలకు అదమాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఆమె కుర్చీలోంచి చూస్తూ, "అణాకాణీ ఎంత కష్టపడుతున్నాడో పాపం," అని అమ్మాయితో అంది. అణాకాణీ ఎవరమ్మా అని అడిగింది అమ్మాయి. నేనే. పెళ్లయిన కొత్తలో నేను చిల్లర లెక్కపెట్టినట్టు పొదుపుగా మాట్లాడతానని వాళ్ల చెల్లెళ్లు పెట్టిన పేరు. ఇన్నేళ్లూ ఆమె నోట వినలేదు.

ఏప్రిల్ 5, శనివారం

వ్యాయామాల ఆవిడ వచ్చింది. మొదట ఆమెతో మాట్లాడింది. వేళ్లు కదిలించమంది, పాదంతో తన చేతిని తన్నమంది. కుడికాలు కదిలింది. నేను అనుకున్నదానికన్నా బాగా కదిలింది.

"ఆస్పత్రిలో నేర్పినవి ఎందుకు ఆపేశారు?" అని నన్ను అడిగింది.

"నొప్పి అనేది. ఏడ్చేది."

ఆవిడ తల ఊపింది. "సరే, కుర్చీలోంచి ఎలా లేపుతారో చూపించండి. ఎత్తొద్దు, చూపించండి చాలు."

చూపించాను. ఆవిడ ఆమెను అమ్మాయి సాయంతో మంచం అంచుకు మార్చి, తనే ఆ కుర్చీలో కూర్చుంది. దిగిపోయింది. మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి. చేతులు ఆనించి లేవబోయింది, జారింది. ఇంకోసారి ప్రయత్నించింది. చివరికి పక్కకు దొర్లి లేచింది.

"రెండు కాళ్లూ బాగున్నదాన్ని, నేనే రాలేకపోతున్నా. ఎవరు కొన్నారండీ ఈ గొయ్యి?"

అమ్మాయి నా వైపు చూసింది. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"నేను చేశాను," అన్నాను.

ఆవిడ మొహం కొంచెం మారింది. చేత్తో సీటు పైభాగం నిమిరి చూసింది. "చాలా బాగా చేశారు," అంది. "కానీ దీంట్లోంచి ఆవిడ తనంతట తను లేవడమన్నది జరగదు. పరుపూ అంతే. లేవలేదు కాబట్టి మీరు ఎత్తారు. మీరు ఎత్తారు కాబట్టి ఆవిడ కాలికి పని లేదు. కాలికి పని లేదు కాబట్టి ఆవిడ బరువంతా మీ నడుము మీదే."

వంటింట్లోంచి చెక్క బెంచీ తెప్పించింది. ఆమెను దాని అంచున కూర్చోబెట్టింది. పాదాలు మోకాళ్లకన్నా వెనక్కి. ఎడమచెయ్యి మంచం కోడు మీద. ముక్కు మోకాళ్లు దాటి ముందుకు రావాలి, అప్పుడు నొక్కాలి. తను కుడిమోకాలికి తన మోకాలు అడ్డం పెట్టింది.

ఆమె ముందుకు వంగింది. లేచింది.

ఒక్క ఊపిరి సేపు. కూర్చుంది. బెంచీ చప్పుడైంది.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా చేతులు ముందుకు చాచి ఉన్నాయి. ఎప్పుడు చాచానో తెలియదు.

ఆవిడ వెళ్లేముందు అమ్మాయి అడిగింది, ఇంక అక్కడికి పంపక్కర్లేదా అని. ఆవిడ నన్ను చూసింది. "మీ నాన్న ఎత్తకుండా, అమ్మ మంచం మీంచి కుర్చీలోకి రాగలిగితే ఇక్కడే ఉండొచ్చు. రాలేకపోతే, మీ నాన్న మళ్లీ ఎత్తడం మొదలుపెడితే, ఈసారి ఆయన నడుము లేవదు." వారం ఉంది, చూడండి అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

కుర్చీ విప్పాను.

కుట్లు పట్టుకుని ఊడదీస్తుంటే చాలాసేపు పట్టింది. గట్టిగా కుట్టాను అప్పట్లో. దూది పొర తీశాను. మెత్తటి ఫోము తీశాను. పట్టీలు కోసేసి, కార్పెంటర్ తెచ్చిన చెక్కను అడుగున బిగించాను. వంగకుండా, బల్ల మీద పెట్టుకుని చేశాను. అతను కుర్చీ కాళ్లు పెంచి, చేతులకు గట్టి కర్ర వేశాడు. ఒక్క జోకు కూడా వేయలేదు.

అతను వెళ్లాక ఆమె అంది, "నాకు తెలుసు, కాలు పనిచేస్తుందని. అప్పుడప్పుడు దుప్పటి కింద మడిచేదాన్ని."

"చెప్పొచ్చు కదా."

"చెబితే?"

నేను సూది దారం వెతుక్కున్నాను.

"అంత ఇష్టంగా కుట్టారు. మునిగిపోతున్నా, తీసేయండి అని ఎలా అంటాను," అంది. కొంచెం ఆగి, "అయినా మన పెళ్లయ్యాక మొత్తం మీద మీరు నన్ను పట్టుకున్నది, ఈ యేడాది పట్టుకున్నదాంట్లో సగం ఉండదు," అంది.

నవ్వుతూనే అంది. నేను దారం ఎక్కించాను. రెండుసార్లు తప్పింది.

ఏప్రిల్ 7

పరుపు కూడా విప్పాను. ఆమె లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఏడ్చింది. వ్యాయామాల ఆవిడ చెప్పిన ప్రకారం నేను కుడివైపు నిలబడి మోకాలు అడ్డం పెట్టాలి. ఆమె నడుముకు కట్టిన గుడ్డపట్టీ మీద చెయ్యి ఆనించాలి, లాగకూడదు. లాగాను. అమ్మాయి అరిచింది.

ఏప్రిల్ 8

లేచింది, తిరగలేకపోయింది. నేను లాగలేదు.

ఏప్రిల్ 9

నేను చాప మీద, ఆమె మంచం మీద, ఇద్దరం వ్యాయామాలు చేశాం. అమ్మాయి అంకెలు లెక్కపెట్టింది. మధ్యలో ఆమె, "మీరు కాపీ కొడుతున్నారు," అంది.

సాయంత్రం వీధి చివరి దాకా నడిచి వచ్చాను. పిక్కలో తీగ కొంచెం వదులైంది. మాత్ర ఒకపూటే వేసుకున్నాను.

ఏప్రిల్ 10

పడిపోబోయింది. నేను ఎత్తి పట్టుకోలేదు. పట్టీ పట్టుకుని మెల్లగా మంచం మీదికి జారనిచ్చాను. అలాగే చేయాలట. ఆమె నన్ను చూసిన చూపు రాయను.

ఏప్రిల్ 11

పొద్దున రెండుసార్లు తిరిగి కుర్చీలో కూర్చుంది. సాయంత్రం ఒక్కసారి కూడా కాలేదు. అమ్మాయి బ్యాగు సర్దింది. ఆమె దుప్పటి, దువ్వెన, రెండు జతల చెప్పులు. ఆమె చూస్తూ కూర్చుని, ఆకుపచ్చది కాదు, నీలంది పెట్టు అని చీరల సంగతి మాత్రం చెప్పింది.

ఏప్రిల్ 12, శనివారం

బండి వచ్చింది. ఇద్దరు మనుషులు చక్రాల కుర్చీతో మెట్లెక్కి వచ్చారు. బలమైనవాళ్లు. ఒకడు లోపలికి వచ్చి, "అమ్మగారిని ఎత్తుకుంటాం, మీరు జరగండి సార్," అన్నాడు.

"ఎవరూ ఎత్తొద్దు," అంది ఆమె. "ముందు నా కుర్చీలోకి వెళ్తా. అక్కణ్నుంచి మీ ఇష్టం."

అతను అమ్మాయిని చూశాడు. అమ్మాయి నన్ను చూసింది. నేను వెళ్లి కుడివైపు నిలబడ్డాను. మోకాలు అడ్డం పెట్టాను. పట్టీ మీద చెయ్యి ఆనించాను.

మొదటిసారి లేవలేదు. రెండోసారి సగం లేచి కూర్చుండిపోయింది. వాకిట్లో ఉన్నవాడు గడియారం చూసుకున్నాడు. నా చేతి కింద పట్టీ తడిసిపోయింది. లాగితే వచ్చేస్తుంది. నాకు ఆమె బరువు తెలుసు. ఎంత లాగితే వస్తుందో, లాగినట్టు ఎవరికీ తెలియకుండా ఎలా లాగాలో కూడా తెలుసు.

ఆమె నా వైపు తిరగకుండానే, "వద్దు," అంది.

చెయ్యి వదులు చేశాను.

మూడోసారి ముక్కు మోకాళ్లు దాటింది. లేచింది. నిలబడింది. ఎడమకాలు జరిపింది, కుడికాలు ఈడ్చింది. కుర్చీ కర్ర చేతికి దొరికింది. కూర్చుంది. చెక్క అడుగు కదా, ఠప్పుమంది.

ఆమెకు రొప్పుగా ఉంది.

"ఇంకోసారి చూపించమంటావా?" అని అమ్మాయిని అడిగింది.

అమ్మాయి వద్దంది. ఫోను తీసి ఆ చోటివాళ్లకు చెప్పింది, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేయండి అని. ఆ ఇద్దరూ ఖాళీ కుర్చీతో మెట్లు దిగారు. అమ్మాయి సర్దిన బ్యాగులోంచి దువ్వెన తీసి వాళ్లమ్మ తల దువ్వింది.

ఏప్రిల్ 14

అమ్మాయి వెళ్లింది. షాపుకు వెళ్లాను. మధ్యమధ్య లేచి తిరుగుతున్నాను. కిందింటావిడ మధ్యాహ్నం వచ్చి ఆమె పక్కన నిలబడి ఉంటోంది.

ఏప్రిల్ 17

నొప్పి లేదు. మాత్ర వేసుకోలేదు. వేలు ఇంకా తిమ్మిరిగానే ఉంది.

ఏప్రిల్ 18

పట్టీ కూడా అక్కర్లేదంది. పక్కన నిలబడ్డాను.

ఏప్రిల్ 20, ఆదివారం

నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె కుర్చీలో ఉంది. ఎప్పుడు లేచిందో చూడలేదు.

టీ పెట్టి ఇచ్చాను. షాపు లేదు. చాప తీసి వ్యాయామం చేశాను. చాప చుట్టి మూల పెట్టాను. ఇంకేం చేయాలో తోచలేదు. చొక్కా వేసుకున్నాను, బయటికి వెళ్లే పని లేకపోయినా. గుమ్మంలో నిలబడ్డాను. ఈ వేళకు ఎప్పుడూ ఆమె దగ్గర ఏదో ఒక పని ఉండేది.

"ఏంటలా నిలబడ్డారు?"

"ఏం లేదు."

"రండి ఇలా," అని ఎడమచెయ్యి చాపింది.

"లేస్తావా?" అన్నాను.

"లేవను."

"మరి?"

"పనుంటే తప్ప రారా?"

బెంచీ కుర్చీ పక్కకు జరిపాను. వంగకుండా, కాలితో. కూర్చున్నాను. ఆమె చెయ్యి నా మెడ మీద వేసింది. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. చాలాసేపు ఉంది అలా. నేను ఏమీ ఎత్తడం లేదు.